డ్రమ్ము మీద ఎవరి పేరుంది?

మందుల కంపెనీలు నడిపేవాళ్లు, వాటిలో కొనుగోళ్లు చూసేవాళ్లు ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది. గోదాములోకి వెళ్లి సిరప్‌లలో కలిపే ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, సార్బిటాల్ డ్రమ్ములు ఎన్నున్నాయో చూడండి. ఒక్కోదాని మీద తయారుచేసిన ఫ్యాక్టరీ పేరుందా, అమ్మిన ట్రేడరు పేరు మాత్రమే ఉందా అన్నది రాసుకోండి. తయారీదారు ఎవరో తెలియని డ్రమ్మును పక్కకు జరిపి సీలు వేయండి. దాని సంగతి తేలేదాకా అందులోంచి ఒక్క లీటరు కూడా సిరప్ ట్యాంకులోకి పోకూడదు. ప్రొడక్షన్ ఆగిపోతుందని ఎవరైనా అంటే, ఆగనివ్వండి.

ఇంత తొందర దేనికంటే, 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో ఇరవై మందికి పైగా చిన్నపిల్లలు కిడ్నీలు చెడి చనిపోయారు. జలుబని, జ్వరమని వాళ్లకు పట్టించింది కోల్డ్‌రిఫ్ అనే సిరప్. అది తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో, శ్రీసన్ ఫార్మాస్యూటికల్స్ అనే చిన్న కంపెనీలో తయారైంది. ఎస్ఆర్-13 బ్యాచ్‌ను తమిళనాడు ప్రభుత్వ ల్యాబ్ పరీక్షిస్తే 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ తేలింది. ఆ విషం 0.1 శాతం మించకూడదన్నది ప్రమాణం. అంటే సీసాలో దాదాపు సగం విషమే. అక్టోబరు 4న తెలంగాణ ఔషధ నియంత్రణ సంస్థ ఆ బ్యాచ్ ఎక్కడ కనిపించినా వాడొద్దని జనాన్ని హెచ్చరించింది. అదే నెల 13న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన హెచ్చరికలో గుజరాత్‌లో తయారైన రెస్పిఫ్రెష్ టీఆర్, రీలైఫ్ అనే మరో రెండు సిరప్‌ల పేర్లూ చేరాయి.

కాంచీపురం ఫ్యాక్టరీని తనిఖీ చేసిన అధికారులు బయటపెట్టిన లోపాలు వందల్లో ఉన్నాయి. ప్రాణం తీసినవి మాత్రం రెండే. మందులకు పనికిరాని గ్రేడు ప్రొపిలీన్ గ్లైకాల్ కొన్నారు. పరీక్షించకుండా వాడారు. రెండూ కొనుగోలుకు సంబంధించినవే. మందు ఫార్ములాలో తప్పు లేకపోవచ్చు, కలిపిన మనిషి తూకం సరిగ్గానే వేసి ఉండొచ్చు. గేటులోంచి లోపలికి వచ్చిన సరుకే వేరు.

పారాసెటమాల్ లాంటి మందులు మంచినీళ్లలో సరిగా కరగవు. కరగడానికి ప్రొపిలీన్ గ్లైకాలో, చిక్కదనానికి, తీపికి గ్లిజరినో, సార్బిటాలో కలుపుతారు. వీటికి మందుగుణం ఉండదు కాబట్టి కొనేటప్పుడు కూడా వీటిని ఎవరూ మందులా చూడరు. చక్కెర, సీసా, మూత, అట్టపెట్టె లాంటి వాటితో కలిపి ఒకే ఇండెంటులో రాసి పారేస్తారు. డైఇథిలీన్ గ్లైకాల్ బ్రేక్ ఆయిల్‌లో, రంగుల్లో, రెజిన్లలో వాడే పారిశ్రామిక రసాయనం. ధర బాగా తక్కువ. రంగు లేదు, వాసన లేదు, కాస్త చిక్కగా, తియ్యగా ఉంటుంది. ప్రొపిలీన్ గ్లైకాల్ పక్కన పెట్టి చూస్తే ముప్ఫయ్యేళ్ల అనుభవమున్న స్టోర్స్ మనిషి కూడా ఏది ఏదో చెప్పలేడు. ల్యాబ్ పరీక్ష ఒక్కటే చెప్పగలదు.

ఇది కొత్తగా వచ్చిపడ్డ ఆపద కూడా కాదు. 1937లో అమెరికాలో ఇదే విషం కలిసిన సల్ఫనిలమైడ్ మందు తాగి వంద మందికి పైగా చనిపోయారు. ఆ మరుసటి ఏడాది అక్కడ మందుల చట్టం మారింది. 1986లో ముంబయి జేజే ఆసుపత్రిలో కలుషిత గ్లిజరిన్ 14 మందిని పొట్టన పెట్టుకుంది, జస్టిస్ లెంటిన్ కమిషన్ విచారణ జరిపింది. 2020లో జమ్మూ దగ్గరి రామ్‌నగర్‌లో పిల్లలు పోయారు. 2022లో గాంబియాలో డెబ్భై మంది దాకా పిల్లలు మరణించారు. హర్యానాలో తయారైన నాలుగు సిరప్‌లను ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరుపెట్టి చెప్పింది, మన ప్రభుత్వం మాత్రం తన నమూనాల్లో ఆ విషం లేదంది. అదే ఏడాది ఉజ్బెకిస్తాన్‌లో నోయిడా కంపెనీ సిరప్ తాగి అరవై మందికి పైగా పిల్లలు చనిపోయారు. దేశాలు వేరు, కంపెనీలు వేరు. సరుకు వచ్చిన దారి మాత్రం చాలాచోట్ల ఒకేలా ఉంటుంది.

ఆ దారి ఎలా ఉంటుందో పనామా కేసు విప్పి చూపించింది. 2006లో పనామాలో దగ్గుమందు తాగినవాళ్లు వరుసగా చనిపోవడం మొదలైంది. ఆ మందు చేసింది లాభాల కోసం పాకులాడే ప్రైవేటు కంపెనీ కాదు, అక్కడి సామాజిక భద్రతా సంస్థ నడిపే ప్రభుత్వ ల్యాబ్. వాళ్లు వాడిన గ్లిజరిన్ నిజానికి గ్లిజరిన్ కాదు, ఇదే విషం కలిసిన సరుకు. అది తయారైన చైనాలోని తైషింగ్ గ్లిజరిన్ ఫ్యాక్టరీకి మందుల తయారీకి అనుమతే లేదు. అక్కడ బయల్దేరిన డ్రమ్ములు బీజింగ్‌లోని ఒక వాణిజ్య సంస్థ చేతికి, అక్కడి నుంచి స్పెయిన్‌లోని బార్సిలోనా కంపెనీకి, దాని నుంచి పనామాలోని దిగుమతిదారుకు, చివరికి ప్రభుత్వ ల్యాబుకు చేరాయి. ఒక్కో మజిలీలో కాగితం కొత్తగా టైపు అయింది. ముందు అమ్మినవాడి పేరు తీసేసి తర్వాతివాడు తన పేరు పెట్టుకున్నాడు. 99.5 శాతం స్వచ్ఛమైన గ్లిజరిన్ అన్న మాట మాత్రం చెక్కుచెదరకుండా సముద్రాలు దాటింది. మధ్యలో ఒక్కరూ డ్రమ్ము మూత తెరిచి పరీక్ష చేయించలేదు. పనామా చేరాక ఆ సరుకు చాలా కాలం గోదాములో పడి ఉంటే, గడువు తేదీ కూడా మార్చేశారు. పరిశోధనలో ధ్రువపడిన మరణాలే వంద దాటాయి.

ముందు అమ్మినవాళ్ల పేరు మధ్యవాళ్లు ఎందుకు చెరిపారన్నది ఆలోచించండి. విషమని తెలిసి దాచడానికి కాదు. కొన్నవాడు నేరుగా ఫ్యాక్టరీకి ఫోను చేసి తమ కమిషను ఎగ్గొడతాడేమోనన్న భయంతో. ట్రేడింగ్‌లో ఇది మామూలు సంగతి, హైదరాబాద్ కెమికల్ మార్కెట్‌లోనూ అంతే. సరుకు ఎక్కడి నుంచి తెచ్చావని అడిగితే చెప్పే ట్రేడరు అరుదు. బట్టలకో బకెట్లకో అయితే ఆ రహస్యం వ్యాపారం. పసిపిల్ల నోట్లో పోసే మందుకు సంబంధించినంత వరకు ఆ రహస్యమే అసలు ప్రమాదం.

ఇండోనేషియాలో 2022లో రెండు వందల మందికి పైగా పిల్లలు చనిపోయినప్పుడు అక్కడి నియంత్రణ సంస్థ ఒక ట్రేడరు గోదాములో థాయిలాండ్‌లోని పేరున్న రసాయన కంపెనీ లేబుళ్లు అతికించిన డ్రమ్ములు పట్టుకుంది. లేబుళ్లు దొంగవి. లోపల సరుకు పారిశ్రామిక గ్లైకాల్. అంతకు ముందటేడు కోవిడ్ వల్ల ఓడల రవాణా దెబ్బతిని ప్రొపిలీన్ గ్లైకాల్ ధర బాగా పెరిగింది. ఆ సందులోనే కొందరు చవక గ్లైకాల్ కలిపి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుమానం. ఇక్కడ కొనుగోలుదారులు గమనించాల్సిందొకటుంది. మామూలు రోజుల్లో ఎప్పుడూ కొనే వెండరు దగ్గర కొంటాం. ధర పెరిగినప్పుడో, ఓడ ఆలస్యమైనప్పుడో, రెగ్యులర్ వెండరు చేతులెత్తేసినప్పుడో ఎవరో తెలియనివాడు ఫోన్ చేసి "సార్, రెడీ స్టాక్ ఉంది, రేపు పంపిస్తా" అంటాడు. ఆ ఫోనే ప్రమాదం. కరువు రోజుల్లో చవగ్గా దొరికిన సరుకును ముందు అనుమానించాలి. రెండో వెండరును, మూడో వెండరును తీరిగ్గా ఉన్నప్పుడే తనిఖీ చేసి ఒప్పుకుని ఉంచుకుంటే ఆ ఫోను ఎత్తాల్సిన అవసరమే రాదు. ప్రపంచమంతా గాలించి కొనడంలో తెలివంతా ఇందులో ఉంది. మన కంపెనీలు మాత్రం ఎక్కువమంది దగ్గర కొటేషన్ తెప్పించుకోవడాన్నే ఆ తెలివి అనుకుంటున్నాయి.

ప్రతి లాటుకూ పరీక్ష చేయిస్తే సరిపోతుంది కదా, ఈ పేర్ల గొడవ దేనికని అడిగేవాళ్లుంటారు. పరీక్ష తప్పనిసరి, అందులో వాదన లేదు. ఈ విషాన్ని పట్టే గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రం లేని చిన్న యూనిట్లు బయటి ల్యాబులో చేయించుకోవచ్చు. లాటుకు ఒక డ్రమ్ము తీసి చూస్తే సరిపోదు, ప్రతి డ్రమ్ములోంచీ నమూనా తీయాలి. ఎందుకంటే ఇరవై డ్రమ్ముల్లో రెండే కల్తీవి కావచ్చు. అయినా పరీక్ష అన్నది మనకు తెలిసిన దొంగనే పట్టుకుంటుంది. 2007, 2008ల్లో అమెరికాలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్లతో రోగులు కుప్పకూలినప్పుడు ఈ సంగతి తెలిసొచ్చింది. హెపారిన్‌ను పంది పేగుల నుంచి తీస్తారు. చైనాలో పందులకు జబ్బు చేసి ముడిసరుకు కరువై ధర పెరిగింది. ఆ గొలుసులో ఎక్కడో ఎవరో ఓవర్‌సల్ఫేటెడ్ కాండ్రాయిటిన్ సల్ఫేట్ అనే చవక పదార్థం కలిపారు. అప్పటి ప్రామాణిక పరీక్షలకు అది అచ్చం హెపారిన్‌లాగే కనిపించింది. ల్యాబు పాసు చేసింది. ముడిమందు వచ్చిన చైనాలోని చాంగ్‌జౌ ఫ్యాక్టరీని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అప్పటిదాకా తనిఖీ చేయనే లేదు. రికార్డుల్లో దాని పేరును అలాంటి పేరే ఉన్న మరో ఫ్యాక్టరీతో పొరబడి, తనిఖీ అయిపోయిందనుకున్నారు. అంత పెద్ద సంస్థకే పేరు తారుమారైతే, జీడిమెట్లలోనో పాశమైలారంలోనో ఒక షెడ్డులో సిరప్‌లు నింపే యూనిట్ ఎంత జాగ్రత్తగా ఉండాలి?

పేరు తెలియడంతోనూ పని అయిపోదు. రక్తపోటుకు వాడే వల్సార్టాన్‌లో క్యాన్సర్ కారకమయ్యే అవకాశమున్న ఎన్‌డీఎంఏ ఉందని 2018లో తేలింది. మూలం చైనాలోని ఝెజియాంగ్ హువాహై ఫ్యాక్టరీ. వాళ్లు తయారీ పద్ధతిని 2012లోనే మార్చారు. ఆరేళ్లపాటు ప్రపంచంలో ఎవరికీ ఆ అనుమానం రాలేదు. తర్వాత వెతకడం మొదలెడితే హైదరాబాద్ కంపెనీలు కూడా కొన్ని వల్సార్టాన్ లాట్లు వెనక్కి తెప్పించుకోవాల్సి వచ్చింది. కాబట్టి సరఫరాదారుతో రాసుకునే ఒప్పందంలో, పద్ధతి మార్చినా, ద్రావకం మార్చినా, మరో ప్లాంటులో చేయించినా ముందే చెప్పి తీరాలన్న షరతు ఉండాలి. చెప్పకపోతే ఏమవుతుందో కూడా అందులోనే రాసుండాలి.

ఈ మాటలు విని చైనా సరుకు మానేద్దామని ఉత్సాహపడేవాళ్లున్నారు. ఆ ఉత్సాహం వేరే జబ్బుకు మందు. ముడిమందుల కోసం మనం చైనా మీద ఎంతగా ఆధారపడ్డామో 2020 మొదట్లో కోవిడ్‌తో ఊహాన్ మూతపడినప్పుడు కంపెనీలకు తెలిసొచ్చింది. పారాసెటమాల్‌కు కావాల్సిన పారా అమైనో ఫినాల్ దగ్గర నుంచి చాలావరకు అక్కడివే. ఆ ఏడాది మార్చి 3న కేంద్రం 26 రకాల ముడిమందులు, మందుల ఎగుమతిపై ఆంక్ష పెట్టాల్సి వచ్చింది. తర్వాత 6,940 కోట్ల రూపాయలతో ప్రోత్సాహక పథకం వచ్చింది. కాకినాడ దగ్గర పెన్సిలిన్-జి ఫ్యాక్టరీ వచ్చింది. నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఒకప్పుడు బాలానగర్ ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్నవాళ్లే హైదరాబాద్ బల్క్ డ్రగ్ పరిశ్రమను నిలబెట్టారు. కనుక ఇవన్నీ మనకు సంతోషం కలిగించేవే. కానీ ఆ పథకం జాబితాలో ఉన్నవి ముడిమందులు, వాటి మూల పదార్థాలు. ఛింద్వాడా పిల్లల్ని చంపిన కలుపుడు సరుకు గురించి అందులో ఏమీ లేదు. పైగా ఆ డ్రమ్ము సముద్రం దాటి నేరుగా ఫ్యాక్టరీకి వచ్చింది కాదు, ఇక్కడి డీలర్ల దగ్గర కొన్నది. ఫ్యాక్టరీకీ సీసాకూ మధ్య ఎన్ని మైళ్లున్నాయన్నది నన్ను భయపెట్టదు, ఎన్ని చేతులున్నాయన్నదే భయపెడుతుంది. షాంఘై నుంచి తయారీదారు సీలుతో నేరుగా వచ్చిన డ్రమ్ము కన్నా, పక్క వీధి గోదాములో చిన్న క్యాన్లలోకి పోసి లేబుల్ మార్చిన సరుకే నాకు ఎక్కువ అనుమానం.

అసలు లోపం ఖాతా పుస్తకంలో ఉంది. పర్చేజ్ మేనేజరు కిలోకు పది రూపాయలు తగ్గిస్తే అది అతని పేరున మిగులుగా పడుతుంది. ఏడాది చివర ఇంక్రిమెంటులో కనిపిస్తుంది. పరీక్ష ఖర్చు నాణ్యత నియంత్రణ (క్యూసీ) ఖాతాలో పడుతుంది, ఆలస్యం ప్రొడక్షన్ ఖాతాలో పడుతుంది. సరుకు వల్ల ఎవరైనా చనిపోతే ఆ నష్టానికి ఏ ఖాతాలోనూ పద్దు లేదు. ఇలా లెక్క రాసే కంపెనీలో ఎంత మంచి మనిషైనా ఎల్-1 వైపే, అంటే అందరికన్నా తక్కువ ధర చెప్పినవాడి వైపే పోతాడు. యజమానులు దీన్ని ఇవాళ మార్చవచ్చు, దీనికి ప్రభుత్వ జీవో అక్కర్లేదు. సిరప్‌లలో కలిపే ఈ నాలుగైదు ద్రావకాలను ధర పోటీ నుంచి తీసేయండి. క్యూసీ సంతకం లేకుండా కొత్త వెండరుకు పర్చేజ్ ఆర్డరు వెళ్లకూడదని రాసిపెట్టండి. సర్టిఫికెట్ ఆఫ్ అనాలిసిస్ వచ్చినప్పుడు దాని మీదున్న ఫోన్ నంబరుకు కాకుండా, తయారీదారు అసలు చిరునామా వెతికి పట్టుకుని, ఈ లాటు నంబరు మీదేనా, ఎవరికి అమ్మారు అని అడగండి. దొంగ కాగితం దొరికిపోవడానికి ఒక్క ఈమెయిల్ చాలు. ఇదంతా చేస్తే సీసాకు పెరిగే ఖర్చు పెద్దదేమీ కాదు.

ప్రభుత్వాలను కూడా నిలదీయాలి. గాంబియా మరణాలతో పరువు పోయాక, 2023 జూన్ 1 నుంచి ఎగుమతి చేసే దగ్గుమందుల్ని గుర్తింపు పొందిన ల్యాబుల్లో పరీక్షించాకే ఓడ ఎక్కించాలని కేంద్రం నిబంధన పెట్టింది. మంచిదే. దేశంలో అమ్మే సిరప్‌లకు అలాంటి షరతు పెట్టలేదు. పరదేశపు పిల్లల కోసం ఒక జల్లెడ, మన పిల్లల కోసం మరో జల్లెడ. ఛింద్వాడా తర్వాత 2025 అక్టోబరులో కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ప్రతి బ్యాచ్ ముడిసరుకునూ పరీక్షించాలని రాష్ట్రాలకు రాశారు. ఆ నిబంధన పుస్తకంలో ఎప్పటినుంచో ఉన్నదే. ఉన్న నిబంధనను మళ్లీ గుర్తుచేయాల్సి వచ్చిందంటే తనిఖీ సంగతి వేరే చెప్పాలా? చిన్న యూనిట్లకు మందుల తయారీ ప్రమాణాలు చెప్పే కొత్త షెడ్యూల్-ఎం అమలు గడువును 2025 చివరిదాకా పొడిగించారు. దయ తలచింది యూనిట్ల మీద, ఆ దయకు మూల్యం చెల్లించింది మాత్రం వేరెవరో.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తమ వైద్య సేవల సంస్థల ద్వారా ఆసుపత్రులకు కోట్ల రూపాయల మందులు కొంటాయి. ఇంత పెద్ద కొనుగోలుదారు ఒక్క షరతు పెడితే మార్కెట్ మారిపోతుంది. ద్రవరూప మందుల టెండరులో బిడ్ వేసినవాళ్లు ద్రావకాల అసలు తయారీదారు పేరు, లాటు నంబరు, విష పరీక్ష ఫలితం ప్రతి బ్యాచ్‌తో పాటు ఇవ్వాలి. ఇవ్వలేనివాళ్లు పోటీలో ఉండకూడదు, ఎంత తక్కువ కోట్ చేసినా సరే. కెమికల్ ట్రేడర్ల మీదా కన్నేయాలి. పారిశ్రామిక గ్లైకాల్ అమ్మేవాళ్లు మందుల కంపెనీకి బిల్లు రాస్తే అది ఇన్‌స్పెక్టరు బల్ల మీదకు వచ్చి తీరాలి. ఆ ఏర్పాటు లేనంత కాలం ఎన్ని బ్యాచ్‌లు నిషేధించినా అవి పిల్లలు పోయాక వేసే తాళాలే.

ఇక అమ్మానాన్నలకు. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు ఇవ్వకూడదని, ఐదేళ్లలోపు వాళ్లకు సాధారణంగా సిఫారసు చేయరని 2025 అక్టోబరు 3న కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. కోల్డ్‌రిఫ్‌లో ఉన్న క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ జోడీని నాలుగేళ్లలోపు పిల్లలకు వాడొద్దని 2023 డిసెంబరులోనే ఆదేశం ఉంది. మెడికల్ షాపుకెళ్లి "దగ్గుకేదైనా ఇవ్వండి" అని అడగడం మానండి. పిల్లల దగ్గు చాలావరకు దానంతటదే తగ్గుతుంది. డాక్టరు రాసిచ్చినా, సీసా మీద పెద్దక్షరాల్లో ఉన్న మార్కెటింగ్ కంపెనీ పేరు చూసి సరిపెట్టుకోవద్దు, చిన్నక్షరాల్లో తయారుచేసిన ఫ్యాక్టరీ చిరునామా ఉంటుంది, అది చదవండి. బిల్లు తీసుకోండి, బ్యాచ్ నంబరు ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి. తెలంగాణలో అనుమానం వస్తే ఔషధ నియంత్రణ సంస్థ టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969. మందు తాగిన పిల్లకు వాంతులు పట్టుకుని, మూత్రం తగ్గిపోయినా ఆగిపోయినా రేపటిదాకా చూడొద్దు. కిడ్నీలకు చికిత్స చేసే పెద్దాసుపత్రికి అప్పటికప్పుడు తీసుకెళ్లండి. మిగిలిన సిరప్‌ను పారబోయకుండా, సీసాతో సహా డాక్టరు చేతికివ్వండి.